కొవ్వూరు వంతెన మీద కోరల్ పువ్వు

గణేష్‌బాబు శవం రొయ్యల చెరువులో తేలింది. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. ఆ చెరువులో నీళ్ళు నడుము దాటవు. గణేష్‌బాబు నేవీ కుర్రాళ్ళకి ఈత నేర్పినవాడు.

"ఈ రెండు సంగతులూ ఒకే మనిషికి పొసగవు," అన్నాడు చీఫ్ వీరబ్రహ్మం. నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఒక దుకాణం వెనక గదిలో, తెల్లటి అల్లికల గుట్టల మధ్య, అతను ఏజెంట్ జానకిరామ్‌ని కూర్చోబెట్టి మాట్లాడుతున్నాడు. అది 1996 జనవరి.

"చావుకి ముందు మనకి ఒక్క మెసేజ్ పంపాడు. 'కోరల్‌లో ఉంది.' అంతే."

"ఏముంది?"

"మన సబ్‌మెరైన్ చప్పుడు. మనిషికి వేలిముద్ర ఉన్నట్టే ప్రతి సబ్‌మెరైన్‌కీ తనదైన చప్పుడు ఉంటుంది. డాక్టర్ హేల్డన్ ముఠా సముద్రంలోకి మైకులు దించి దాన్ని టేపు మీదికి ఎక్కించింది. ఆ టేపు దేశం దాటితే సబ్‌మెరైన్ ఎంత లోతున దాక్కున్నా దొరికిపోతుంది."

"కాపీలు?"

"లేవు. కాపీ తీస్తే సన్నటి శబ్దాలు చెరిగిపోతాయి. అసలు టేపే పంపుతున్నారు." వీరబ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. "మీ తమ్ముడు దుర్గాసాయి ఆ సబ్‌మెరైన్‌లోనే ఉన్నాడు. అది బయలుదేరిపోయింది. వెనక్కి పిలవడం కుదరదు."

జానకిరామ్ ముఖంలో ఏ మార్పూ కనిపించలేదు. చేతిలోని లేసు ముక్క మాత్రం నలిగిపోయింది.

హేల్డన్ ఇక్కడి రొయ్యల హేచరీకి విదేశీ కన్సల్టెంట్. కాంట్రాక్టు ముగిసింది. తన ఉప్పునీటి అక్వేరియాన్ని లారీ మీద కలకత్తాకి తరలిస్తున్నాడు. ఆ సామాను ఎవరూ ముట్టరాదని ఎంబసీ ఉత్తరం తెచ్చుకున్నాడు. ఉత్త అనుమానంతో అందులోని పగడపు దిబ్బల ముక్కలని, అదే ఆ కోరల్‌ని, పగలగొడితే, లోపల ఏమీ లేకపోతే, ఢిల్లీలో తలలు లేచిపోతాయి.

"మీరు ఆక్సిజన్ ప్యాకింగ్ మేస్త్రీ అప్పాజీగా లారీ ఎక్కుతారు. ఇది నీటిలో ఉప్పు కొలిచే మీటర్. అడుగున బటన్ నొక్కితే రాజమండ్రిలో మనవాళ్ళకి సిగ్నల్ అందుతుంది. ఇంకో మాట. ఇది మీకు నచ్చదు."

"ఎవరినైనా నమ్మాలా?"

"హేల్డన్ సెక్రటరీ సత్యశ్రీని. మన మనిషే."

"అని ఎవరు చెప్పారు?"

"సత్యశ్రీయే చెప్పింది," అన్నాడు వీరబ్రహ్మం. అంటుండగానే ఆ మాట అతనికే నచ్చలేదు.

హేచరీ షెడ్డులో ప్యాకింగ్ పొద్దున్నే మొదలైంది. నీళ్ళు పాడు కాకుండా చేపలని ముందుగానే పస్తు పెట్టారు. ఒక్కొక్కదాన్నీ నీళ్ళూ ఆక్సిజనూ నింపిన కవర్లలో కట్టి థర్మోకోల్ పెట్టెల్లో సర్దారు. లయన్ ఫిష్‌ని మాత్రం మూత ఉన్న ప్లాస్టిక్ జాడీలో వేశారు, దాని ముళ్ళు కవర్‌ని చీల్చేస్తాయి కాబట్టి. కోరల్ ముక్కలన్నిటినీ ఒక వెడల్పాటి టబ్బులో, మునిగేటంత మాత్రమే నీళ్ళు పోసి పరిచారు. ఊదా, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో వాటి పువ్వులు విచ్చుకుని ఊగుతున్నాయి. చూడటానికి పూలే గాని, నిజానికి అవి నోళ్ళున్న జంతువులు.

హేల్డన్ పైపు నోట్లోంచి తీయకుండానే జానకిరామ్‌ని ఎగాదిగా చూశాడు. "ఒక్క చేప చచ్చినా నీ ఉద్యోగం ఉండదు," అని ఇంగ్లీషులో అని కారెక్కి ముందుగా వెళ్ళిపోయాడు.

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని షిఫాన్ చీర కట్టిన సత్యశ్రీ దగ్గరికి వచ్చింది. రొయ్య వాసన మీద ఆమె సెంటు పైచేయి సాధించింది.

"సముద్రం ఉప్పగానే ఉందాండీ?"

"నిన్నటికన్నా ఒక పాలు ఎక్కువేనండి."

కోడ్ సరిపోయింది. ఆమె పెదవులు కదపకుండా చెప్పింది: "లయన్ ఫిష్ జాడీలో, ఇసక అడుగున. కొవ్వూరులో బండి ఆగగానే చెయ్యి పెట్టి తీసెయ్యండి. ముళ్ళు కత్తిరించేశాం. భయం లేదు."

"నా దగ్గర భయం లేదండి, అనుమానం ఉంది."

"ఉంచుకోండి, దానికి మేత ఖర్చు లేదు," అని ఆమె లారీ వెనక ఎక్కి కూర్చుంది.

డ్రైవర్ భీమరాజు మాత్రం స్టీరింగ్ ముట్టలేదు. బంపర్‌కి నిమ్మకాయలు కడుతున్నాడు.

"ఇంకా ఎంతసేపయ్యా?"

"రాహుకాలం పోనివ్వు మేస్త్రీ. తొందరైతే నువ్వు నడిచి వెళ్ళు."

"ఈ చేపలకి రాహుకాలం తెలీదు. ఆక్సిజన్ అయిపోతే తెలుస్తుంది."

"నీ ముఖం చూసి ఎక్కించుకున్నందుకు నాకే తెలుస్తోంది," అన్నాడు భీమరాజు. ఇంకో నిమ్మకాయ తీసి, అతనికి కనబడేలా మరీ తీరిగ్గా కట్టాడు.

కొవ్వూరు రేవు దగ్గర బండి ఆగింది. భీమరాజు దిగి ఎటో వెళ్ళాడు. లారీ వెనక, టార్పాలిన్ కింద, జానకిరామ్ జాడీని మోకాళ్ళ మధ్య పెట్టుకుని మూత తీశాడు. చేతులు పైకి మడిచాడు. సత్యశ్రీ కన్నార్పకుండా చూస్తోంది.

ఎవరి మాటనైనా సరి చూసుకోకుండా నమ్మడం జానకిరామ్‌కి చిన్నప్పటినుంచీ చేతకాదు. చెయ్యి పెట్టలేదు, కళ్ళు పెట్టాడు. ముళ్ళు ఒక్కటీ తెగలేదు. సూదుల్లా నిలబడి ఉన్నాయి, విషంతో సహా.

సరిగ్గా అప్పుడే టార్పాలిన్ లేచింది. బిందె ఎత్తి పట్టుకుని భీమరాజు.

"ఏయ్, ఏంటది?"

"గోదారి నీళ్ళు. ఏ లోడైనా సరే, అమ్మ నీళ్ళు చల్లందే నేను వంతెన ఎక్కను. అందులోనూ ఇవి పుట్టినకాడినించీ ఉప్పు నీళ్ళే తాగుతున్నాయంట. నోరు ఎండి చావవూ? కాసిని మంచినీళ్ళు తాగనీ."

"ఆగు! చచ్చిపోతాయి!"

బిందె అప్పటికే ఒరిగింది. నీళ్ళన్నీ టబ్బులోకి పోయాయి. "తాగండమ్మా," అని భీమరాజు తృప్తిగా కేబిన్‌కి వెళ్ళిపోయాడు.

ఉప్పునీటి జీవికి మంచినీళ్ళు దాహం తీర్చవు, ఒంట్లోకి చొరబడి ఉబ్బిస్తాయి. టబ్బులో పువ్వులన్నీ ముడుచుకుపోయాయి. ఊదా పోయింది, నారింజ పోయింది, బోడి రాళ్ళు మిగిలాయి. ఒక మూలన ఆకుపచ్చ కోరల్ ఒక్కటే, ఏమీ జరగనట్టు, నిండుగా విచ్చుకుని ఊగుతోంది. దానికి ముడుచుకోవడానికి ప్రాణం లేదు. అది రబ్బరు.

జానకిరామ్ తలెత్తాడు. సత్యశ్రీ కూడా అటే చూస్తోంది. ఇద్దరి చూపులూ కలిసేసరికి ఆమె చేతిలో చిన్న పిస్తోలు ఉంది.

"ఆ మీటర్ కింద పెట్టండి, అప్పాజీ గారూ."

పెట్టాడు. అడుగున బటన్ నొక్కి మరీ పెట్టాడు.

"గణేష్‌బాబుని చంపింది మీరా?"

"ఆయన నమ్మాడు. చెరువు గట్టు మీదికి రమ్మంటే వచ్చాడు." ఆమె కేబిన్ చెక్క మీద తట్టింది. గొంతులో తేనె పోసుకుంది. "భీమరాజు గారూ! వంతెన మధ్యలో ఒక్క క్షణం ఆపండి. గోదారమ్మకి మొక్కు చెల్లించుకోవాలి."

"తప్పకుండా అమ్మగారూ! చదువుకున్నవాళ్ళలో మీకైనా భక్తి ఉంది!"

లారీ వంతెన ఎక్కింది. సత్యశ్రీ పిస్తోలు గురి తప్పకుండానే రబ్బరు కోరల్‌ని పైకి తీసి, మోకాళ్ళ మధ్య ఇరికించి, అడుగున ఉన్న సీసపు దిమ్మని తిప్పి ఊడదీసింది. దిమ్మ లేకపోతే అది బెండులా తేలుతుంది. జానకిరామ్ టార్పాలిన్ సందులోంచి కిందికి చూశాడు. నది నడుమ ఒక మరపడవ ఊరికే నిలిచి ఉంది. వంతెన మీద ఆగి గోదావరిలో ఏదో ఒకటి వేసేవాళ్ళని ఎవరూ అనుమానించరు. కలకత్తా ప్రయాణం, పస్తున్న చేపలు, ఎంబసీ ఉత్తరం, అన్నీ ఈ ఒక్క విసురు కోసమే.

బండి ఆగింది. ఆమె లారీ పక్క చెక్క మీద కాలు పెట్టి కోరల్ ఉన్న చెయ్యి ఎత్తింది.

మోకాళ్ళ మధ్య జాడీ ఇంకా మూత తీసే ఉంది. జానకిరామ్ దాన్ని ఒక్క ఊపున ఆమె మీదికి చిమ్మాడు. పిస్తోలు పట్టిన మణికట్టుకి లయన్ ఫిష్ ముళ్ళతో సహా తగిలింది. సత్యశ్రీ అరుపుకి వంతెన మీద సైకిళ్ళు ఆగిపోయాయి. పిస్తోలు టబ్బులో పడింది. కోరల్ మాత్రం చెక్క దాటి రోడ్డు మీద పడి, దొర్లి, కొబ్బరికాయ పట్టుకుని దిగిన భీమరాజు కాళ్ళ దగ్గర ఆగింది.

"అయ్యయ్యో, అమ్మగారి మొక్కు!" భీమరాజు దాన్ని భక్తిగా కళ్ళకద్దుకున్నాడు. "మీరు కంగారుపడకండమ్మా, మీ పేరు చెప్పి నేనే వేసేస్తాను!"

చెయ్యి వెనక్కి వెళ్ళింది. కింద పడవ ఇంజన్ స్టార్టయింది.

అందులో టేపు ఉందనీ, దేశద్రోహమనీ, తమ్ముడి ప్రాణమనీ చెప్పడానికి వ్యవధి లేదు. చెప్పినా ఈ మేస్త్రీ మాట భీమరాజు వినడు. నలభై ఏళ్ళ జీవితంలో జానకిరామ్ ఎన్నడూ ఉచ్చరించని మాటలు అతని గొంతులోంచి వచ్చాయి.

"ఒరే భీమరాజూ! అది మైలపడిందిరా! అందరూ తొక్కే నేల మీద పడ్డదాన్ని గోదారమ్మ మొహాన కొడతావా!"

భీమరాజు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అతను కోరల్‌ని రెండు చేతులా గుండెకి అదుముకుని లెంపలు వేసుకోలేక తంటాలు పడ్డాడు.

ఆ మధ్యాహ్నమే రబ్బరు కోరల్‌లో టేపు దొరికింది, మరపడవలోవాళ్ళు దొరికారు, రాజమండ్రి చివర హేల్డన్ కారునీ ఆపేశారు. మంచి ఉప్పునీళ్ళు మార్చాక కోరల్ ఒక్కొక్కటే విచ్చుకుంది. లయన్ ఫిష్‌కి ఏమీ కాలేదు. సత్యశ్రీ చెయ్యి మాత్రం మోచేతి దాకా వాచింది.

మర్నాడు వీరబ్రహ్మం రిపోర్టు చదువుతూ తలెత్తాడు.

"నకిలీ కోరల్‌ని పట్టుకున్నది గోదారమ్మేననీ, ఆవిడ పేరు రాయకపోతే సాక్షి సంతకం పెట్టననీ ఆ డ్రైవర్ బయట కూర్చున్నాడు. నీళ్ళలో ఉప్పు తగ్గింది, అంతే కదా?"

"అంతేనండి. చివరి పేరా చూడండి."

వీరబ్రహ్మం పైకి చదివాడు: "ఈ ఆపరేషన్‌లో స్థానిక మహిళ ఒకరు తోడ్పడ్డారు. భద్రతా కారణాల వల్ల పేరు వెల్లడించడం లేదు."