ఏడు చుట్ల బొత్తాం

శుక్రవారం ఉదయం తొమ్మిదీ పదికి రాడార్ కేంద్రం కార్ పార్కింగులో మూడో శవం దొరికింది.

డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నాడు. సీటు బెల్టు కూడా పెట్టుకున్నాడు. ప్రమాదాలంటే భయం కాబోలు, పాపం. మెడ వెనక చిన్న సూది గాటు. చొక్కాకి పైనుంచి రెండో బొత్తాం తెల్లగా ఉండాల్సింది, ఎర్రగా ఉంది. నల్లదారంతో కత్తెర గుర్తు వేసి మరీ కుట్టారు.

"బొత్తాలవాడు మళ్ళీ దిగాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్, పాత చుట్టం ఊళ్ళోకి వచ్చినట్టు.

ఐదేళ్ళ కిందట బొత్తాలవాడు తొమ్మిదిమందిని ఇలాగే చంపాడు. విషపు సూది, ఎర్ర బొత్తాం, నల్లదారం, కత్తెర గుర్తు. పేపర్లు ఏదీ వదల్లేదు. దారం కంపెనీ పేరొక్కటే రాయలేదు, కంపెనీవాళ్ళు ప్రకటన ఇవ్వలేదు కాబట్టి.

పక్కనే నేల ఊడుస్తున్న పనిమనిషి చీపురు గోడకి ఆనించి కారులోకి తొంగి చూసింది. ఆమె ఏజెంట్ పదకొండు. ఇన్‌స్పెక్టర్‌కి తెలియనిదొకటి ఆమెకి తెలుసు. బొత్తాలవాడు గుట్టుగా పట్టుబడి, నిరుడు జైల్లో కామెర్లతో పోయాడు. ఇంకా రెండు శవాల ఆచూకీ చెప్పకుండా పోయాడన్న సిగ్గుతో ప్రభుత్వం ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు.

అంటే, ఎవరో కాపీ కొడుతున్నారు.

పదింటికి బ్రీఫింగ్. గదిలో చీఫ్, పదకొండు, చల్లారిన టీ.

"చచ్చిన ముగ్గురూ?"

"ఒకే రాడార్ మీద పనిచేసేవాళ్ళు సార్. ఒకరిది యాంటెన్నా, ఒకరిది సాఫ్ట్‌వేర్, ఇవాళ్టాయనది పవర్ సప్లై."

"మిగిలింది?"

"ఇంజినీరమ్మ ఒక్కతే. ఆవిడ కూడా పోతే ఆ రాడార్ బిగించే దిక్కు లేదు."

చీఫ్ నుదురు రుద్దుకున్నాడు. "గూఢచారి చంపితే దేశాల మధ్య గొడవ. పిచ్చివాడు చంపితే పేపర్లో మూడో పేజీ. అవతలివాళ్ళకి తెలివి బాగానే ఉంది. చంపుతున్నదెవరు?"

పదకొండు ప్లాస్టిక్ సంచిలోని చొక్కా ముక్కని బల్ల మీద పెట్టి భూతద్దం తీసింది. పైన కత్తెర గుర్తు సరిగ్గా ఫైల్లో ఉన్నట్టే ఉంది. బొత్తాం కొద్దిగా ఎత్తి కింద చూసింది. బొత్తాలవాడు బొత్తాం కింద ఒక మొరటు ముడి వేసి వదిలేసేవాడు. ఇక్కడ ముడి లేదు. గుడ్డకీ బొత్తానికీ మధ్య దారాన్ని మెడలా చుట్టారు. ఒకటి, రెండు, మూడు... ఏడు.

ఆమె మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే.

వాళ్ళమ్మ బట్టలు కుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. కవలలు. పెద్దది పుట్టిన ఏడు నిమిషాలకి చిన్నది పుట్టింది. బొత్తాం కుట్టడం నేర్పినప్పుడు దారం కింద ఏడుసార్లు చుట్టించేది. "చిన్నది నన్ను ఏడు నిమిషాలు చంపుకు తింది. ఆ కసి ఇలా తీర్చుకుంటున్నా" అని నవ్వేది. అమ్మ పోయి నాలుగేళ్ళు. లోకంలో బొత్తాన్ని అలా చుట్టే చేతులు ఇక నాలుగే. రెండు ఇక్కడ భూతద్దం పట్టుకుని ఉన్నాయి.

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. అడిగినవాళ్ళు లేరు. కానీ ఇంజినీరమ్మకి ఇద్దరు చిన్నపిల్లలు.

"సార్. కుట్టిన మనిషి నాకు తెలుసు."

చీఫ్ విన్నాడు. విన్నాక చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. పన్నెండేళ్ళ కిందట అక్కాచెల్లెళ్ళిద్దరూ ఈ ఆఫీసు పరీక్షలో సమానంగా మార్కులు తెచ్చుకున్నారు. ఒకే మొహంతో ఇద్దరు ఏజెంట్లు ఉండకూడదని రూలు. చిన్నదానికి ఓదార్పుగా చీఫ్ ఒక బ్యూటీపార్లర్ పెట్టించాడు. రాయబారుల భార్యలు ఫేషియల్ చేయించుకుంటూ వాగిందంతా అందించడం ఆమె పని. కోడ్ పేరు 'అద్దం'. ఆ అద్దం ఎప్పుడు అటు తిరిగిందో ఎవరూ చూడలేదు.

"పక్కా ఏజెంట్ అనుకున్నానే" అన్నాడు చీఫ్.

"'మీలో ఎవరు పెద్ద?' అని అడిగి నన్ను తీసుకున్నది మీరే సార్."

చీఫ్ ఆ మాట విననట్టు ఫైలు మూశాడు. "సూదితో సహా దొరకాలి. దుమ్ము పడకుండా రాడార్ బిగించే క్లీన్ రూములో వల వేద్దాం. గాజు గోడ వెనక షూటర్ ఉంటాడు. సూది పైకి లేస్తే కాలుస్తాడు."

"లేవకపోతే?"

"ముగ్గుర్ని చంపిన చెయ్యి. ఎందుకు లేవదు?"

ఆదివారం చెల్లెలు ఎప్పటిలాగే అక్క ఇంటికి వచ్చింది. సిల్కు చీర, మూడు వీధుల అవతలికి కొట్టే సెంటు. రావడమే అక్కని వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి దారం తీసింది.

"ఏంటే ఆ కనుబొమలు! గొంగళిపురుగులు పెంచుతున్నావా?"

"నన్ను చూసేవాడెవడే?"

"నేను చూడాలిగా. నీ మొహం పాడైతే నాది పాడైనట్టే. కళ్ళు మూసుకో."

పదకొండు కళ్ళు మూసుకుంది. దారం చురుక్కుమంది.

"ఏడు నిమిషాలు ముందు పుట్టినందుకు సర్కారు నీకు తుపాకీ ఇచ్చింది. నాకు దారపుండ ఇచ్చింది" అంది చిన్నది నవ్వుతూ. ఈ మాట పన్నెండేళ్ళుగా అంటూనే ఉంది. పన్నెండేళ్ళుగా పెద్దది దాన్ని జోకనే అనుకుంది.

"ఇప్పుడేం పనిలో ఉన్నావక్కా?"

"చెప్పకూడదే." కాస్త ఆగి, నోరు జారినట్టు చెప్పింది. "ఆ ఇంజినీరమ్మకి కాపలా. మంగళవారం పదకొండింటికి క్లీన్ రూములో ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఆ టైములోనే చీఫ్ నన్ను మీటింగుకి రమ్మన్నాడు. గేటు దగ్గర కోడ్ వర్డ్ 'గొడుగు'. ఎవరితోనూ అనకు."

"నేనెవరితో అంటాను, నా మొహం!"

బల్ల మీదున్న తన హ్యాండ్‌బ్యాగు జిప్పు మెల్లగా జరిగిన చప్పుడు. చిన్న 'టిక్'. పాస్ కార్డు కాపీ అయింది. పదకొండు కళ్ళు తెరవలేదు. కనురెప్పల కింద నీళ్ళు ఊరితే చిన్నది చీర కొంగుతో అద్దింది.

"ఇంత సుకుమారం ఏంటే నీకు! అయిపోయింది, చూసుకో." చేతి అద్దం ఇచ్చింది. "ఇప్పుడు అచ్చం నాలా ఉన్నావు."

మంగళవారం ఉదయం చీఫ్ గదిలో పదకొండు ఇంజినీరమ్మ తెల్ల గౌను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. క్లీన్ రూములోకి వెళ్ళేవాళ్ళకి టోపీ, మాస్కు, వెనక మెడ దాకా బొత్తాలున్న గౌను తప్పవు. కళ్ళు తప్ప మనిషి కనపడదు. ఆమె పై బొత్తాం తెంపి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

"ఇప్పుడా కుట్లూ అల్లికలూ?" అన్నాడు చీఫ్.

"సూది గుచ్చాలంటే మెడ మీది బొత్తాం విప్పాలి సార్. వేళ్ళకి తగులుతుంది."

"తగిలితే?"

"తెలీదు." దారం ఏడుసార్లు చుట్టి పంటితో కొరికింది.

పదీ యాభై ఐదుకి గేటు దగ్గర "గొడుగు" అని వినపడింది. గార్డు సెల్యూట్ కొట్టాడు. ఏజెంట్ పదకొండు మొహం, ఏజెంట్ పదకొండు కార్డు. కొట్టకేం చేస్తాడు?

ఇంజినీరమ్మ క్యాంటీన్లో నలుగురు గార్డుల మధ్య వేడినీళ్ళు తాగుతోంది. క్లీన్ రూములో ఆమె స్టూలు మీద, తలుపుకి వీపు పెట్టి, పదకొండు కూర్చుంది. చెవిలో చీఫ్ గొంతు. "లోపలికి వస్తోంది. షూటర్ రెడీ."

రబ్బరు చెప్పుల చప్పుడు. మాస్కులోంచి కూడా ఆ సెంటు. ఆరడుగులు, మూడడుగులు. వెనక నిలబడింది.

"మేడమ్, కదలకండి. మీ మెడ మీద ఏదో పాకుతోంది" అంది అక్క గొంతుని అచ్చంగా దించి.

చెవిలో, "కుడిచేతిలో సూది. లేస్తే కాల్చెయ్."

చల్లటి వేళ్ళు పై బొత్తాన్ని పట్టుకున్నాయి. విప్పబోయాయి. ఆగాయి. బొటనవేలు బొత్తాం కిందికి వెళ్ళి దారం మీద మెల్లగా తిరిగింది, చిన్నప్పుడు అమ్మ ముందు కూర్చుని సరిచూసుకున్నట్టు. ఒకటి, రెండు, మూడు... ఏడు.

సూది లేవలేదు. నేల మీద టింగుమని పడింది.

తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. చేతులు వెనక్కి విరిచి బేడీలు వేస్తుంటే చిన్నదాని మాస్కు కిందికి జారింది. పదకొండు తన మాస్కు తీసింది. రెండు ఒకే మొహాలు, ఒకే కనుబొమలు ఎదురెదురుగా. గార్డు ఏది ఏదో తెలీక ఇద్దరికీ తుపాకీ గురిపెట్టాడు.

"ఆదివారమే తెలుసా నీకు?" అంది చిన్నది.

"శుక్రవారమే."

"తెలిసే మొహం అప్పగించి కూర్చున్నావు. గట్టిదానివే." నవ్వింది. "ఆగానని మురిసిపోకు అక్కా. ఆగింది చెయ్యి. నేను కాదు."

"నాకది చాలే."

"నాకు చాలలేదు. ఏనాడూ." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "అయినా ఆ చుట్టడం ఏంటే, అంత వదులుగా? అమ్మ చూస్తే విప్పించేది."

తీసుకెళ్ళిపోయారు.

మధ్యాహ్నం రికార్డుల సెక్షన్లో క్లర్కు ఆమె ముందు నాలుగు పేజీల ఫారం పెట్టాడు. ఆపరేషన్ విజయవంతమైందా, అవును. తూటాలు ఎన్ని వాడారు, సున్నా. ప్రభుత్వ సొత్తుకి నష్టం, ఒక బొత్తాం. మూడో పేజీ దగ్గర ఆమె పెన్ను ఆగింది. ఆ గడి వదిలేసి సంతకం పెట్టి ఇచ్చేసింది.

క్లర్కు ఫారం వెనక్కి తోశాడు. "ఖాళీలు వదలకూడదు మేడమ్. 'నిందితురాలితో మీకు గల సంబంధం.' క్లుప్తంగా రాయండి చాలు."

ఆమె రాసింది: ఏడు నిమిషాలు.

క్లర్కు రెండుసార్లు చదివి, ఇది కోడ్ వర్డ్ కాబోలు అనుకుని, స్టాంపు కొట్టాడు.