రిఫరెన్స్ నంబర్ పద్నాలుగు

కిరండూల్ పాసింజరు సొరంగంలోకి వెళ్ళేటప్పుడు మూడో బోగీ తలుపు దగ్గర ఇద్దరున్నారు. బయటికి వచ్చేసరికి ఒక్కరే మిగిలారు.

పట్టాల పక్కన దొరికిన శవం కామేష్‌ది. నిఘా డిపార్ట్‌మెంట్ మనిషి. అతని సాక్సులో మడిచి పెట్టిన చీటీ మీద ఒకే ఒక్క వాక్యం: "రిఫరెన్సులు 14 నుంచి 19 దాకా అబద్ధం."

అది 2001 ఆగస్టు. విశాఖపట్నంలో ఒక పాత గోడౌను మేడ మీద చీఫ్ ధనరాజు ఆ చీటీని ఏజెంట్ వరహాలరావు ముందుకు తోశాడు.

"సర్వీసులో చేరకముందు ఏం చేసేవాడివోయ్?"

"ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్ని సార్. సైన్సు జర్నల్స్. ఆరేళ్ళు వ్యాసాల చివరుండే రిఫరెన్సులే దిద్దాను. ఏ పత్రిక, ఏ సంపుటం, ఏ పేజీ."

"అందుకే పిలిచాను. తుపాకీ పేల్చేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు."

బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో అయిపోయింది. ఏజెన్సీ కొండల్లో జరందుంప అని ఒకటుంది. మాత్రలకు లొంగని విషజ్వరానికి అదే మందు. తొమ్మిది చోట్ల మాత్రమే మొలుస్తుంది. రెండేళ్ళ కిందట ఆ దుంప మీద ఒక విదేశీ జర్నల్లో పేపర్ అచ్చయింది. అచ్చయిన మూడు నెలలకల్లా ఆరు చోట్ల గోతులే మిగిలాయి. దుంపలు సముద్రం దాటిపోయాయి.

"పేపర్లో ఆ చోట్లు రాశారా సార్?"

"ఎక్కడా రాయలేదు. అదే అర్థం కావడం లేదు. ఇప్పుడు రెండో పేపర్ తయారవుతోంది. రాస్తున్నది డాక్టర్ స్వర్ణ."

"అరెస్టు చేస్తే?"

"ఏ సెక్షన్ కింద? పేపర్ రాయడం నేరం కాదు. పైగా ఆవిడ మన ఇన్ఫార్మరే. దుంపలు తవ్వి అమ్మే ముఠా పంపిన లిస్టు టైపు చేయిస్తానంతే, అందులో ఏముందో తెలియదంటుంది. కోడ్ వర్డ్ గుర్తుపెట్టుకో. 'బ్రాకెట్లా, నంబర్లా?' అని నువ్వడుగుతావు. 'జర్నల్ ఏది అడిగితే అది' అని ఆవిడ చెబుతుంది."

చివరగా చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. క్లిప్పు తిప్పితే ఫొటో తీసే పెన్ను. అలాంటివి డిపార్ట్‌మెంట్‌లో రెండే ఉన్నాయి. రెండోది కామేష్ దగ్గర ఉండేది.

మర్నాడు మధ్యాహ్నం, తలకు నూనె దట్టించుకుని, సోడాబుడ్డి కళ్ళద్దాలతో, డీటీపీ ఆపరేటర్ వేషంలో వరహాలరావు అరకులోని గెస్ట్‌హౌస్ మెట్లెక్కాడు. వరండాలో స్వర్ణ నిలబడి ఉంది. మబ్బురంగు సిల్కు చీర, భుజాల దాకా కత్తిరించిన జుట్టు.

"బ్రాకెట్లా మేడమ్, నంబర్లా?"

"జర్నల్ ఏది అడిగితే అది." నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఎవరైనా నమ్మేస్తారు. కామేష్ కూడా నమ్మే ఉంటాడు.

ఎందుకంటే లోపల ఆమె టేబుల్ మీద, పెన్సిళ్ళ మధ్య, రెండో పెన్ను ఉంది.

వరహాలరావు ఏమీ చూడనట్టే కూర్చుని ఫ్లాపీ పెట్టాడు. నలభై రిఫరెన్సులు. పద్నాలుగోది తెరిచాడు: 18వ సంపుటం, పేజీలు 19–42. పదిహేనోది: 82వ సంపుటం, పేజీలు 51–08.

యాభై ఒకటో పేజీలో మొదలై ఎనిమిదో పేజీలో ముగిసే వ్యాసం ఈ భూమ్మీద లేదు. పైగా ఆ పత్రిక పుట్టి ఏడేళ్ళయింది. అప్పుడే 82వ సంపుటమా!

గోడ మీదున్న జిల్లా మ్యాపు చూశాడు. అక్షాంశం 18 డిగ్రీలు, 19 నిమిషాలు, 42 సెకన్లు. రేఖాంశం 82 డిగ్రీలు, 51 నిమిషాలు, 8 సెకన్లు. డుంబ్రిగుడ దాటాక వచ్చే కొండ. ఆరు రిఫరెన్సులు, మూడు జతలు, మూడు కొండలు. పేపర్ ఎవరైనా చదువుతారు, వెనకున్న రిఫరెన్సులు ఎవరూ చదవరు. ముఠా ధైర్యం అదే. సముద్రం అవతల కొనేవాళ్ళకు చోట్లు తెలిసేది అలాగే.

సాయంత్రం టీ తెచ్చిన వాచ్‌మన్ సుక్రు గ్లాసు పెట్టి కదలకుండా నిలబడ్డాడు. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి.

"ఏటైంది సుక్రూ?"

"మా కూతురు రత్నాలుకి వారం బట్టి జరం బాబూ. పాడేరు దాకా డోలీలో మోసుకెల్నాం. మాత్తర్లకి లొంగని జరమన్నారు. ఇదివరకైతే కొండెక్కి దుంప తెచ్చీవోడ్ని. ఇప్పుడేటుంది? గొయ్యుంది."

మిగిలిన మూడు చోట్ల గురించి పెదవి విప్పకూడదని చీఫ్ ఆర్డరు. వరహాలరావు అరనిమిషం ఆలోచించి, కాగితం మీద దారి గీసి ఇచ్చాడు. సుక్రు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

మరి పేపర్ని ఆపడం ఎలా? అంకెలు మారిస్తే స్వర్ణ పట్టేస్తుంది. చేత్తో రాసిన లిస్టు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూస్తుంది. ఫైలు చెరిపేస్తే మళ్ళీ టైపు చేయిస్తుంది. అప్పుడు జర్నల్ పంపిన నియమాల కాగితం మీద అతని చూపు నిలిచింది. "రిఫరెన్సులు రచయితల పేర్ల అక్షరక్రమంలో ఉండాలి." ఆరేళ్ళు అన్నం పెట్టిన రూలు అది.

ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు. నంబర్లు తీసేసి, నలభై రిఫరెన్సులనూ అక్షరక్రమంలో పేర్చాడు. మూడు జతలూ చెదిరిపోయాయి. ఏ అక్షాంశానికి ఏ రేఖాంశమో ఇక చదివేవాళ్ళకు తెలియదు.

మూడో రోజు పదకొండు గంటలకు స్వర్ణ లిస్టు పట్టుకుని కూర్చుంది. వరహాలరావు తెర మీంచి లిస్టు వరసలోనే వెతికి చదువుతుంటే, గంటసేపు ఒక్కొక్క అంకే టిక్ పెట్టింది. అన్నీ సరిపోయాయి. ముఠా నియమం ప్రకారం ఆ లిస్టును యాష్‌ట్రేలో కాల్చేసింది. మోడెం కీచుమంటూ కనెక్టయింది. ఫైలు మెల్లగా వెళ్తోంది. అరవై శాతం. ఎనభై.

తెర వైపు వంగి చూసిన ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "వరస మారిందేం?"

"జర్నల్ స్టైల్ మేడమ్. లేకపోతే తిప్పి పంపుతారు."

"ఎవరు మార్చమన్నారు?" హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు బయటికొచ్చింది. రెండో చెయ్యి మోడెం ఫోను తీగ పీకడానికి వెళ్ళింది. వరహాలరావు ఆ చేతి మీద పడ్డాడు. తూటా అతని చెవి పక్కనుంచి దూసుకుపోయి కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. తొంభై తొమ్మిది. వంద. తెర మీద 'సెంట్' అని పడింది.

తూటా చప్పుడుకి రాత్రి నుంచి గేటు దగ్గర మాటు వేసిన ధనరాజు మనుషులు లోపలికొచ్చారు. చేతికి బేడీలు పడుతున్నా స్వర్ణ మొహంలో భయం లేదు.

"మూడు అక్షాంశాలు, మూడు రేఖాంశాలు. తొమ్మిది జతలు వేసుకుని తొమ్మిది కొండలెక్కితే దొరికేస్తాయి. ఎన్నాళ్ళు ఆపుతావు?"

"రెండేళ్ళు," అన్నాడు వరహాలరావు. అంతకన్నా ఎక్కువ అతనూ అనుకోలేదు.

మధ్యాహ్నం సుక్రు కొండ దిగి వచ్చాడు. బురద కాళ్ళు, ఖాళీ చేతులు.

"దుంప ఉంది బాబూ. లేతది. ఊరాలంటే ఇంకా రెండేళ్ళు వానలు పడాల."

రత్నాలు గురువారం పోయింది. డుంబ్రిగుడ సంత రోజు. జనమంతా సంతలో ఉంటే, పాడె మొయ్యడానికి నలుగురు దొరకలేదు. నాలుగో మనిషిగా వరహాలరావు భుజం పట్టాడు. మట్టి కప్పాక సుక్రు, "ఆ కాయితం సించీసినాను బాబూ. మా ఓళ్ళకీ సెప్పను," అన్నాడు.

ఆ పెన్ను ఒక్కటే సాక్ష్యానికి చాలక, కామేష్ చావు ప్రమాదమని రికార్డుల్లో మిగిలింది. లైసెన్సు లేని పిస్తోలు కేసులో స్వర్ణకు మూడు నెలల్లో బెయిలొచ్చింది. నాలుగో నెల ఆమె దేశంలో లేదు.

ఆ పేపర్ మరుసటి మార్చిలో అచ్చయింది. అచ్చుకు ముందు దాన్ని పరీక్షించిన నిపుణుడి రిపోర్టు కాపీని చీఫ్ వరహాలరావుకి పంపాడు. పరిశోధన పస లేనిదన్నాడాయన, వాదన కుదరలేదన్నాడు, భాష బాగోలేదన్నాడు. కింద ఒక్క మెచ్చుకోలు మాత్రం ఉంది: "రిఫరెన్సులు అమర్చిన వారెవరో గానీ, ఎక్కడా తప్పు పట్టడానికి వీల్లేదు."