పీచు చెవి వెనక చిక్కు

పొద్దున్నే వంటింట్లో మామ్మ కుక్కను తిడుతోందంటే ఆ ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టే లెక్క.

"జరగవే, మాయదారిదానా! కాళ్ళకడ్డం పడి నన్ను పడేస్తావా ఏం? ఇంత కొంపలో నీకు నా పాదాలే దొరికాయా పడుకోడానికి?"

పీచు ఒక్క అంగుళం జరగలేదు. మామ్మ పాదాల మీద గడ్డం ఆనించి హాయిగా ఊపిరి వదిలింది. ఒళ్ళంతా గోధుమరంగు జూలు. కళ్ళెక్కడున్నాయో వెతుక్కోవాలి. చిరిగిన పరుపులోంచి బయటపడ్డ కొబ్బరి పీచులా ఉందని, వచ్చిన రోజే మామ్మ దానికి ఆ పేరు పెట్టింది. ఆ ఇంటికి తగ్గ పేరే. మామ్మ కొడుకుది పరుపుల కొట్టు. వీధివీధంతా ఆయన్ను పరుపులాయన అనే అంటారు.

పరుపులాయన టీ కోసం వంటింట్లోకి వచ్చి, కుక్కను చూసి నడుం వంచాడు. "ఏం బంగారం, నిద్ర బాగా పట్టిందా?" అన్నాడు గొంతులో తేనె పోసుకుని.

పీచు తోక కాళ్ళ మధ్య పెట్టుకుని బల్ల కిందికి దూరిపోయింది.

"చూశావా అమ్మా! ముద్దు చేసే నన్ను చూస్తే పారిపోతుంది. పొద్దస్తమానం తిట్టే నీ పాదాల దగ్గర పడుంటుంది. ఇదెక్కడి బేరమో నాకర్థం కాదు!"

"నీ మొహం ముందు అద్దంలో చూసుకోరా," అంది మామ్మ, టీ గ్లాసు ఆయన ముందు పెడుతూ.

ఈ కుక్కను ఇంటికి తెచ్చింది ఆయన ఒక్కగానొక్క కూతురు చిట్టి. ఆ పిల్ల విషయంలో పరుపులాయన వేసుకున్న లెక్క వేరు. కామర్స్ చదివింది కాబట్టి కొట్లో కూర్చుంటుందనుకున్నాడు. గల్లాపెట్టె పక్కన దాని కోసం మెత్తటి కుర్చీ కూడా వేయించాడు. ఆ కుర్చీ మీద ఇప్పుడు దిండ్ల గలీబులు కూర్చున్నాయి. చిట్టి వెళ్ళి కుక్కలకు స్నానం చేయించి, జుట్టు కత్తిరించి, గోళ్ళు తీసే పార్లర్లో చేరింది. ఎవరో అక్కడ పీచును స్నానానికని వదిలేసి వెళ్ళి, మళ్ళీ తొంగిచూడలేదు. మనిషి చెయ్యి లేస్తే చాలు నేలకు కరుచుకుపోయే కుక్కను ఇంకెవరు తీసుకుంటారు? చిట్టి తెచ్చుకుంది.

"అమ్మాయ్," అంది చిట్టి వాళ్ళమ్మ, ముక్కు చీరకొంగుతో మూసుకుని. "ఆదివారం మా అన్నయ్యావాళ్ళూ వస్తున్నారు. ఈ కంపుతో వాళ్ళ ముందు నేను తలెత్తుకోలేను. ఏదో ఒకటి తేల్చు."

"తేలుస్తున్నానమ్మా. నిన్న దువ్వెన వాసన చూసింది. భుజం ముట్టుకోనిచ్చింది. చెవి దాకా వచ్చాం. చెవుల వెనక జుట్టంతా ఉండలు కట్టుకుపోయింది, చర్మం లాగేస్తోంది పాపం. అవి విడదీస్తే కానీ స్నానం కుదరదు."

"రోజుకి బెత్తెడు!" అన్నాడు పరుపులాయన. "ఈ లెక్కన తోక దాకా వచ్చేసరికి నా పళ్ళూడిపోతాయి. ఆదివారానికి అది శుభ్రంగా ఉండాలి. లేదంటే నాకు తెలిసిన తోటాయన ఒకడున్నాడు. కాపలాకి కుక్క కావాలన్నాడు."

"కాపలాకా? మూత కింద పడితే మంచం కింద దూరేది దొంగల్ని పట్టుకుంటుందా నాన్నా? దొంగలే జాలిపడి దానికి బిస్కట్లు పెట్టి పోతారు."

మామ్మ ఫక్కున నవ్వింది. పరుపులాయన నవ్వలేదు. చిట్టి చెప్పులేసుకుంటూ మళ్ళీ చెప్పింది. "నేను లేనప్పుడు దాని జోలికి ఎవరూ వెళ్ళకండి. పిలవద్దు, పట్టుకోవద్దు. దానంతటది రావాలి."

*

శనివారం మామ్మ మోకాళ్ళ మందు కోసం పక్కింటావిడతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చిట్టి పార్లరుకు వెళ్ళింది. పరుపులాయన మధ్యాహ్నం భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుంటూ ఆలోచించాడు. సాయంత్రం పిల్ల వచ్చేసరికి కుక్క తళతళలాడుతూ ఉంటే? కంపు పోతుంది, బావమరిది ముందు పరువు దక్కుతుంది, కూతురు కూడా సంతోషిస్తుంది. ఒక్క దెబ్బకి ఇన్ని లాభాలు. నష్టం ఆయనకెక్కడా కనిపించలేదు.

"నువ్వు వెనక తలుపు దగ్గర నిలబడు," అని భార్యకు చెప్పి, చేతిలో రొట్టెముక్క పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. "రా బంగారం. రా తల్లీ. ఏమీ చెయ్యను, రా."

పీచు బల్ల కిందినుంచి చూసింది. ఎప్పటిలా పారిపోలేదు. ఇన్నాళ్ళుగా ఆ ఇంట్లో దానికి చెడు ఏదీ జరగలేదు మరి. ఒక అడుగు వేసింది, ఆగింది. మెడ చాచి, ఒళ్ళంతా వెనక్కి పెట్టుకుని, మూతి మాత్రం ముందుకు తెచ్చి ఆయన చేతిలోంచి రొట్టె అందుకుంది. తడి నాలుక వేళ్ళకు తగిలింది.

సరిగ్గా అప్పుడే ఆయన దాని మెడ ఒడిసి పట్టుకున్నాడు.

తర్వాత జరిగిందంతా బాత్రూంలో జరిగింది. నీళ్ళు, నురగ, అరుపులు, బకెట్టు దొర్లిన చప్పుడు. "గట్టిగా పట్టుకోండీ" అని ఒకరు, "నువ్వు తలుపు ముయ్యవే" అని ఇంకొకరు. చివరికి మణికట్టు మీద ఒక కాటు. తలుపు సందులోంచి పీచు బాణంలా దూసుకుపోయి, పెరటివసారాలో వాషింగ్ మెషిన్ వెనక ఇరుకులోకి దూరిపోయింది.

"శుభ్రమైతే అయ్యింది కదా," అన్నాడు పరుపులాయన, చేతికి గుడ్డ చుట్టుకుంటూ. భార్య ఆయన వైపు ఒక్క చూపు చూసి, దొర్లిన బకెట్టు నిలబెట్టింది. పాతికేళ్ళ కాపురంలో ఆ చూపు ఎంత ఖరీదో ఆయనకు బాగా తెలుసు.

*

సాయంత్రం చిట్టి వచ్చేసరికి గచ్చు ఇంకా తడిగానే ఉంది. వసారాలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. "పీచూ... నేనేరా," అని మెల్లగా పిలిచింది. మెషిన్ వెనకనుంచి గుర్రుమంది. ఇన్నాళ్ళలో అది చిట్టిని చూసి గుర్రుమనడం అదే మొదటిసారి. సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. చెవుల వెనక ఉండలు తడిసి, ఆరి, బిగుసుకుని, గట్టి అట్టల్లా తయారయ్యాయి.

లేచి హాల్లోకి వచ్చింది. తండ్రి చేతికట్టు చూసింది.

"చిట్టితల్లీ, ముందు కాస్త కూర్చోమ్మా, చెబుతాను..."

"ఆ గొంతు వద్దు నాన్నా!" చిట్టి అరిచిన అరుపుకు వాళ్ళమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నువ్వా గొంతుతో పిలిస్తే నాకు పారిపోవాలనిపిస్తుంది, తెలుసా? ఐస్‌క్రీం తిందాం రా తల్లీ అన్నావు, పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టావు. షికారుకెళ్దాం తల్లీ అన్నావు, హాస్టల్లో దింపి వచ్చావు. నా పెట్టె ముందే కారు వెనకాల పెట్టేశావు."

"అవన్నీ నీ మంచికే కదే!"

"నెల కిందట పొద్దున్నే పక్కన కూర్చోబెట్టుకుని టిఫిన్ తినిపించావు. ఎందుకా అనుకున్నాను. అంతకుముందే పార్లర్ నడిపే అక్కకి ఫోన్ చేసి, మా అమ్మాయి ఇక పనికి రాదని చెప్పేశావు. ఆవిడ నన్నడిగింది కాబట్టి నా ఉద్యోగం నిలిచింది. నువ్వెప్పుడు చెబుతావో చూద్దామని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. చెప్పలేదు."

పరుపులాయన భార్య వైపు చూశాడు. ఆవిడ మొహంలో ఆశ్చర్యం చూస్తే తెలిసిపోయింది, ఆవిడకూ ఇది ఇప్పుడే తెలుస్తోందని. ఆ పక్కనుంచి సాయం రాదు.

"కుక్కకి స్నానం చేయించినంత మాత్రాన ఇంత రాద్ధాంతమా?" అన్నాడు, ఉన్న నాలుగు మాటల్లో అదే నయమనుకుని.

"పరుపులమ్ముతావు కదా, తడిసిన దూది గడ్డకడుతుందని నీకు నేను చెప్పాలా? చిక్కులు విడదీయకుండా నీళ్ళు పోస్తారా ఎవరైనా? సరే, అది వదిలెయ్. కొట్లోకి వచ్చిన గిరాకీని నువ్వెప్పుడైనా మెడ పట్టుకుని పరుపు మీద పడేశావా? చెప్పు నాన్నా, పడేశావా?"

ఆయన చేతికట్టు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

చిట్టి గదిలోకి వెళ్ళి బ్యాగు సర్దుకుని వచ్చింది. "పార్లర్ మీద గది ఖాళీగా ఉందని అక్క ఎప్పటినుంచో అంటోంది. పీచును తీసుకుని వెళ్తున్నాను."

"ఎక్కడికే?" అంది వాళ్ళమ్మ ఏడుపు గొంతుతో.

చిట్టి బ్యాగు గుమ్మం దగ్గర పెట్టి వసారాలోకి వెళ్ళింది. కానీ వెళ్దామంటే పీచు రావాలి కదా. పిలిచింది, బతిమాలింది, బిస్కట్టు చూపించింది. తినేది చూపించగానే అది ఇంకా లోపలికి దూరింది. మెషిన్ కదిలిస్తే నలిగిపోతుంది. చెయ్యి పెడితే కరుస్తుంది. అలిగి వెళ్ళిపోవాల్సిన పిల్ల తడి గచ్చు మీద చతికిలబడి, ఏడవాలో తిట్టాలో తెలియక జుట్టు పీక్కుంది.

పరుపులాయన వసారా గుమ్మంలో నిలబడిపోయాడు. కూతురు అడిగిన ప్రశ్న ఆయన్ను వదల్లేదు. కొట్లో గిరాకీ పరుపు మీద కూర్చుంటే ఆయన అవతలి మూలకు వెళ్ళి దుప్పట్లు మడతపెడుతూ ఉండేవాడు. పైన నిలబడి ఊదరగొడితే మనిషి లేచిపోతాడు. పడుకోనివ్వాలి, దొర్లనివ్వాలి. పైగా లోపం తనే ముందు చెప్పేవాడు: ఇది మొదట్లో కాస్త గట్టిగా ఉంటుందండీ, తర్వాత నన్ననొద్దు. ఆ ఒక్క మాటకే ఊరంతా ఆయన్ను నమ్మింది. ఇంట్లో మాత్రం ఏ రోజూ లోపం ముందు చెప్పలేదు. పైన మెత్తటి గుడ్డ కుట్టి, లోపల తనకు తోచింది కూరాడు.

వీధి తలుపు తెరుచుకుంది.

"తలుపు గడియైనా వెయ్యకుండా ఎక్కడ చచ్చారంతా! ఈ బ్యాగెవరిది గుమ్మానికడ్డంగా? నా మోకాళ్ళు చూసి ఆ డాక్టరు నవ్వుతాడా, వాడి నడుం విరగ! ఈ గచ్చేమిటి చెరువులా ఉంది? పీచూ! ఏదీ ఆ మాయదారిది?"

మెషిన్ వెనక గోళ్ళ చప్పుడైంది. ముందు మూతి, తర్వాత ఒక చెవి, తర్వాత వణుకుతున్న ఒళ్ళంతా. పీచు గోడవారగా వచ్చి మామ్మ కుచ్చిళ్ళలో తలదూర్చింది.

"ఇదేం అవతారమే! నిన్నెవరు తడిపారు? కొంపలో నేను లేకపోతే ఒక్కరికీ బుద్ధుండదు కదా!"

చిట్టి కళ్ళు తుడుచుకుంది. "మామ్మా, అలాగే కూర్చో. తిడుతూ ఉండు. ఆపకు."

"అడిగి తిట్టించుకోవడమేమిటే?"

"ముందు తిట్టు మామ్మా!"

మామ్మ పీట మీద కూర్చుంది. పీచు ఆవిడ ఒళ్ళో తల పెట్టింది. చిట్టి పక్కకు తిరిగి కూర్చుని, దువ్వెన దానికి చూపించి, చెవి వెనక చర్మానికీ ఉండకీ మధ్య దువ్వెన పళ్ళు మెల్లగా జొనిపింది. దువ్వెనకు పైనుంచి కత్తెరతో ఉండను కోసింది. పీచు ఉలిక్కిపడింది. మామ్మ గొంతు సాగుతూనే ఉంది. పీచు మళ్ళీ సర్దుకుంది.

కాసేపటికి మామ్మ ఆగింది. "దీనికి తిట్లు అయిపోయాయే."

"అయితే నాన్నను తిట్టు."

"వాడికా? వాడికి బోలెడున్నాయి," అని మామ్మ మొదలుపెట్టింది. "ఒరేయ్, వచ్చి కూర్చో ఇక్కడ. ఆ పిల్ల బ్యాగెందుకు గుమ్మంలో ఉందిరా? ఏం వెలగబెట్టావు?"

పరుపులాయన వచ్చి నేల మీద కూర్చున్నాడు, దగ్గరగా కాదు, చిట్టి కూర్చున్నట్టే పక్కకు తిరిగి. గొంతులో తేనె కోసం వెతుక్కోలేదు. కొట్లో కూలీలతో మాట్లాడే మామూలు బొంగురు గొంతుతోనే చెప్పాడు.

"ఫోన్ చేసింది నేనే. నీకు చెప్పకుండా చెయ్యడం తప్పు. రేపు పొద్దున నీ ఎదురుగానే ఆవిడకు చేసి, అబద్ధం చెప్పానని చెబుతాను. కొట్లో కుర్చీ ఖాళీగా ఉంటే చూడలేకపోయాను, అంతే. అడిగితే నువ్వు కాదంటావు. కాదంటావన్న భయానికే ఎప్పుడూ అడగలేదు."

చిట్టి కత్తెర ఆపింది. "అడిగితే కాదనేదాన్నే."

"తెలుసు."

"కాదని, కోపం తగ్గాక వచ్చి పక్కన కూర్చునేదాన్ని నాన్నా. ఆ అవకాశం ఎప్పుడైనా ఇచ్చావా?"

ఆయన తల వంచుకున్నాడు. కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నేల మీద రాలిన జూలు ఉండల్ని రెండో చేత్తో ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తిడుతున్న మామ్మ కూడా ఆ మొహం చూసి ఒక్క క్షణం మాట మరిచిపోయింది. వెంటనే పీచు తలెత్తింది.

"ఆపకు మామ్మా," అంది చిట్టి, ఇంకో ఉండ కిందికి దువ్వెన జొనుపుతూ.

*

ఆదివారం పొద్దున చిట్టి బ్యాగు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. లోపలికి రాలేదు, బయటికి పోలేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పరుపులాయన పార్లర్ ఆవిడకు ఫోన్ చేసి, కూతురి ఎదురుగానే నాలుగు చీవాట్లు తిని పెట్టేశాడు. తర్వాత టీ గ్లాసు బల్ల మీద పెట్టి పిలిచాడు.

"చిట్టితల్లీ..."

చిట్టి గుమ్మం దగ్గర ఆగిపోయింది. భుజాలు బిగుసుకున్నాయి. ఆయన అది చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏయ్, టీ చల్లారిపోతోంది, తాగు. కొట్టు లెక్కలు ఆదివారాలు కాస్త చూసిపెడతావేమోనని అడుగుదామనుకుంటున్నా. కుదరదంటే కుదరదని చెప్పు."

"కుదరదు," అంది చిట్టి.

"సరే."

చిట్టి వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. టీ ఒక గుక్క తాగింది. "చక్కెర ఎక్కువైంది," అంది.

బల్ల కిందనుంచి పీచు బయటికి వచ్చింది. చెవుల వెనకా నుదుటి మీదా జుట్టు లేక మొహం చిన్నదైపోయి, మొదటిసారిగా రెండు కళ్ళూ కనిపిస్తున్నాయి. ఆయన చేతికట్టు వాసన చూసింది. మామ్మ వైపు వెళ్ళబోయి, ఏమనుకుందో, ఆయన పాదానికి బెత్తెడు దూరంలో పడుకుంది.

పరుపులాయనకు పాదం తిమ్మిరెక్కుతోంది. అయినా కదపలేదు.