ఫొటోలో లేని దుర్గ ఆంటీ

శనివారం బడి అయిపోగానే కుసుమ తాడేపల్లిగూడెంలోని నాన్న విత్తనాల కొట్టుకు వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. బిల్లులు కొట్టే ఆ కంప్యూటర్‌లోనే నెల రోజులుగా ఫొటోలు దిద్దడం నేర్చుకుంటోంది. నేర్పేవాళ్ళెవరూ లేరు. వీడియోలు చూడడం, కనిపించిన బటన్నల్లా నొక్కడం, అంతే. మొదటి రోజు ఫొటోలో నాన్న మొహం ఆకుపచ్చగా మారిపోయింది. దాన్ని మామూలుగా చెయ్యడానికి గంట పట్టింది.

ఇప్పుడు మచ్చలు చెరపడం కూడా వచ్చింది. పక్కనున్న రంగు తెచ్చి మచ్చ మీద పూస్తే చాలు.

ఈ సంగతి తెలిసి రాజకుమారి టీచర్ తన కెమెరా కార్డు ఇచ్చారు. కుసుమ వాళ్ళ ఆరో తరగతి పిల్లలంతా కొల్లేరు వెళ్ళినప్పుడు పడవల రేవు దగ్గర తీసిన ఫొటో అందులో ఉంది.

"కొంచెం వెలుతురు పెంచి ఇవ్వమ్మా. పెద్దది చేయించి వరండాలో పెడదాం" అన్నారు.

కుసుమ వెలుతురు పెంచింది. కరెంటు తీగ చెరిపింది. ప్లాస్టిక్ సీసా చెరిపింది. ఇక చెయ్యి ఆగలేదు. పిల్లల వెనక ఓ పక్కగా, బడిలో వంట చేసే వీరదుర్గ భుజాన సంచితో నిలబడి ఉంది. అక్కడ ఉత్త నీళ్ళుంటే బాగుంటుందనిపించింది. రెండు నిమిషాల్లో అక్కడ నీళ్ళే ఉన్నాయి. సేవ్ నొక్కింది.

గురువారం ఫొటో వరండా గోడెక్కింది. అందరూ కుసుమను మెచ్చుకున్నారు.

అన్నాలయ్యాక వీరదుర్గ ఒకటో తరగతి చదివే తన కూతురు అఖిలను వెంటబెట్టుకొచ్చింది.

"ఇదే కొల్లేరు. నేనిక్కడ నుంచున్నాను" అంటూ వేలు పెట్టింది. వేలి కింద నీళ్ళున్నాయి.

"ఏదమ్మా?" అంది అఖిల.

వీరదుర్గ వేలిని అటూ ఇటూ జరిపింది. "ఇక్కడేనే... కెమెరాకి అందలేదేమోలే" అని కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది.

కుళాయి దగ్గర కంచం కడుగుతున్న కుసుమకు అంతా వినబడింది.

సాయంత్రం టీచర్ని అడిగి కార్డు మళ్ళీ తెచ్చుకుంది. పాత ఫొటో లేదు. దాని మీదే సేవ్ చేసేసింది. పులిహోర వడ్డిస్తున్న ఇంకో ఫొటోలోంచి వీరదుర్గను కత్తిరించి తెచ్చి అతికించింది. పిల్లల మీద ఎండ ఒకవైపు నుంచి, ఆమె మీద ఇంకోవైపు నుంచి పడుతోంది.

"అదేంటమ్మా, అతికించినట్టుంది?" అన్నాడు నాన్న హనుమంతరావు.

కుసుమ జరిగింది చెప్పింది.

"ఆవిడకి తెలుసా?"

"తెలీదు నాన్నా. కెమెరాకి అందలేదనుకుంటున్నారు."

కుసుమ అతికించిన బొమ్మను తీసేసింది.

మర్నాడు పొద్దున్నే వంటగదికి వెళ్ళింది. వీరదుర్గ చేటలో పప్పు చెరుగుతోంది.

"ఆంటీ, ఆ ఫొటోలో మీరున్నారండి. నేనే చెరిపేశాను."

చేట ఆగింది. "ఎందుకమ్మా?"

"అక్కడ నీళ్ళుంటే బాగుంటుందనుకున్నానండి." చెబుతుంటే కుసుమకే ఆ మాట బాగాలేదు.

వీరదుర్గ పప్పులోంచి ఓ రాయి ఏరి పారేసింది. "మా అఖిలకి ముందే చెప్పుకున్నానమ్మా, నేనూ ఉన్నానని. అందుకే చూపిద్దామని తీసుకొచ్చాను" అంది.

కుసుమ టీచర్‌కి కూడా చెప్పింది. టీచర్ గోడ మీది ఫొటో దించారు. మధ్యాహ్నం తరగతినంతా వంటగది ముందు నిలబెట్టి, మధ్యలో వీరదుర్గను, అఖిలను ఉంచి కొత్త ఫొటో తీశారు.

కొట్లో కుసుమ ముందు దానికి ఇంకో కాపీ చేసి దాచింది. తర్వాత ఒక్కో మొహం పెద్దది చేసి చూసింది. వెనక గ్యాస్ సిలిండర్ కనిపిస్తోంది. గోడ మీద మసి ఉంది. చెరిపే బటన్ మీద వేలు పెట్టి, నొక్కకుండా వెనక్కి తీసుకుంది. ఫొటోను మామూలు కాగితం మీద ప్రింటు తీసుకుంది.

సోమవారం దాన్ని వీరదుర్గ చేతిలో పెట్టింది.

"సిలిండర్ కనిపిస్తోందండి. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

వీరదుర్గ చేతులు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"సిలిండర్ ఉండనియ్యి. ఈ మసి మాత్రం తీసెయ్యమ్మా. చూసినవాళ్ళు నేను గోడ తుడవననుకుంటారు."

కుసుమ పెన్సిల్‌తో మసి చుట్టూ సున్నా చుట్టింది. తర్వాత ఆ కాగితాన్ని పట్టుకుని, మిగతావాళ్ళని కూడా అడగడానికి తరగతికి వెళ్ళింది.