రెండు ట్యూబుల్లో ఒకటి

"మా అమ్మ రక్తం ఎవరో దొంగిలించారండీ," అంది ఆ అమ్మాయి, కుర్చీ అంచున కూర్చుంటూనే.

షావుకారు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. డిటెక్టివు కాకముందు ఆయన బట్టల కొట్టు నడిపాడు. కొట్టు మూసేసినా ఆ పిలుపు మాత్రం పోలేదు. సహాయకురాలైన మేనకోడలు టీ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

అమ్మాయి గడియారాలు బాగుచేస్తుంది. ఆమె తండ్రి జబ్బు చేతుల వణుకుతో మొదలై మంచాన పడేసి ఆయన్ని తీసుకుపోయింది. ఆయన తల్లిదీ అదే కథ. వంశంలో దిగే నరాల జబ్బు. దానిమీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ దగ్గర నిన్న తల్లీకూతుళ్ళిద్దరూ రక్తం ఇచ్చారు. టెక్నీషియను ఐసు పెట్టె తెచ్చేలోగా తల్లి ట్యూబు మాయమైంది.

"నాకూ చేతులు వణుకుతున్నాయండీ. దుకాణం అమ్మేద్దామని బేరం కూడా పెట్టేశా. ట్యూబు పోయాక చెప్పారు, రెండూ ఉంటేగానీ పరీక్ష మొదలుపెట్టరట."

షావుకారు తన చేతిగడియారం విప్పి ఇచ్చాడు. "దీని పిన్ను ఊడిపోతోంది, కాస్త చూడమ్మా. అప్పుడు గదిలో ఎవరెవరున్నారు?"

"అమ్మా, బాబాయీ. నేను డాక్టరమ్మతో లోపలున్నా. బాబాయికి ఈ పరీక్షంటేనే గిట్టదు. తెలుసుకుని ఏం బావుకుంటావని ఒకటే గోల."

మాటల్లోనే పిన్ను బిగించి ఇచ్చేసింది. షావుకారు దాన్ని వేలితో తడిమి చేతికి పెట్టుకున్నాడు.

పరిశోధనశాలలో టెక్నీషియను మిగిలిన ట్యూబు చూపించాడు. దానిమీద 'కూతురు' అని లావుపాటి అక్షరాలు. పోయినదానిమీద 'తల్లి' అని అంతే లావుగా ఉండేదట.

"వాళ్ళ నాన్న రక్తం మా దగ్గర లేదు," అంది డాక్టరమ్మ. "అమ్మాయి జన్యువుల్లో తల్లివి తీసేస్తే మిగిలేవి తండ్రివి. అందుకే తల్లి రక్తం కావాలి."

"ఈ సంగతి వాళ్ళకెప్పుడు చెప్పారు?"

"రక్తం తీశాకే, ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాను."

అక్కణ్ణించి వాళ్ళింటికి వెళ్ళారు. తల్లి మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచింది. తలుపు అరలో ఇన్సులిన్ సీసాలున్నాయి. "నావేనండీ. షుగరు. రోజూ నేనే పొడుచుకుంటా," అంది.

బాబాయి రావడంతోనే విరుచుకుపడ్డాడు. "నేనే తీశాననా మీ అనుమానం?"

"తీస్తే ఏది తీసేవారు?"

"ఏదేంటండీ? పిల్లదే తీసి తూములో పోసేవాణ్ణి! దాని గుండె నిబ్బరంగా ఉండేది."

వెళ్ళబోతూ షావుకారు తల్లితో అన్నాడు: "రేపు మరోసారి రక్తం ఇచ్చెయ్యండమ్మా, సరిపోతుంది."

"అమ్మో! సూది చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయి."

వీధిలోకి రాగానే మేనకోడలు ఆగలేకపోయింది. "బాబాయే మావయ్యా! కంగారులో ఒకటి బదులు ఒకటి తీశాడు."

"అంతంత అక్షరాలుంటే కంగారేమిటే? కొట్లో దొంగతనం జరిగితే పోయిన సరుకు చూసి ఏడవకూడదు. పోని సరుకు ఎందుకు పోలేదో చూడాలి."

మర్నాడు పొద్దున్నే పరిశోధనశాల ముందు గదిలో అందరూ కూర్చున్నారు.

"పరీక్ష ఆపాలనుకున్నవాడు అమ్మాయి ట్యూబు తీస్తాడు," అని షావుకారు మొదలుపెట్టాడు. "బాబాయిగారు ఆ మాట నోటితోనే చెప్పారు. కానీ దొంగ దాన్ని ముట్టుకోలేదు. అంటే అమ్మాయి ఫలితం రావాలి. అది మంచిగానే వస్తుందని దొంగకు ముందే తెలుసు. తల్లితో పోల్చి చూడటం మాత్రం జరగకూడదు. పోలుస్తారని డాక్టరమ్మ చెప్పింది రక్తం ఇచ్చేశాకే, కాబట్టి ఇచ్చింది వెనక్కి తీసుకోవలసి వచ్చింది. రోజూ పొడుచుకునే మనిషికి నిన్న సూదంటే కళ్ళు తిరిగాయి. అసలూ లాభమూ రెండూ దక్కించుకోబోయారమ్మా మీరు. ఇక మిగతాది చెప్పాల్సింది నేను కాదు."

తల్లి చేతిసంచీ తెరిచింది. రుమాల్లో చుట్టిన ట్యూబు బల్లమీద పెట్టింది.

"వాళ్ళమ్మ పడ్డ బాధ చూసి, ఈ జబ్బు నాతోనే ఆగిపోవాలి, మనం కనొద్దు అన్నారు మీ నాన్న. ఆసుపత్రిలో ఎవరూ లేని పసిగుడ్డువి నువ్వు. తెచ్చుకున్నాం. పురిటికి పుట్టింటికెళ్ళానని అందరికీ చెప్పాం."

బాబాయి నోరు తెరుచుకునే ఉంది. డాక్టరమ్మ నెమ్మదిగా అంది: "అయితే ఆ ఇంటి జబ్బు ఈ అమ్మాయికి దిగే దారే లేదు."

"మరి నా చేతులు?" అంది అమ్మాయి.

"భయం," అన్నాడు షావుకారు. "మాటల్లో పడి నిన్న నా పిన్ను ఎంత నేర్పుగా బిగించావో చూశాను."

అమ్మాయి తల్లివైపు తిరిగింది. గొంతులో కోపం. "ఒక్క మాట చెబితే పోయేదానికి, ఇన్నేళ్ళు భయపడి చచ్చానమ్మా!"

"చెబితే నన్ను అమ్మా అనవేమోనని..."

"ఇప్పుడేమన్నాను?"

అమ్మాయి తల్లి చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"చూడు, వణికేది నీ చెయ్యి," అంది. బల్లకవతల బాబాయి ముక్కు చీదాడు. "బాబాయ్, ఆ బేరగాడికి కబురు పెట్టు. దుకాణం అమ్మట్లేదు."