ఏడో నెలలో లైసెన్సు పరీక్ష

దీనమ్మ పొయ్యి మీద పాలు పెట్టి వెనక్కి తిరిగేసరికి కోడలు ప్రమీల గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళతో అవస్థపడుతోంది. ఏడో నెల కడుపు అడ్డొచ్చి చేతులు పాదాలదాకా అందడం లేదు.

“పొద్దున్నే ఎక్కడికే?”

“ఇవాళే కదా అత్తయ్యా, మోవా దగ్గర మైదానంలో ప్రాక్టికల్.”

పెళ్ళికి ముందునుంచీ ప్రమీల ఒక సర్వేయరు దగ్గర భూములు కొలిచే పని చేస్తోంది. తను గీసిన పటం మీద తనే సంతకం పెట్టాలంటే లైసెన్సు కావాలి. రాతపరీక్ష కిందటేడే పాసయింది. ఏడాది తిరక్కుండా ప్రాక్టికల్ కూడా పాసవ్వాలి, లేకపోతే రాతపరీక్ష మళ్ళీ రాయాల్సిందే. ఇదే ఆఖరి అవకాశం. భర్త దేవదాసు “అమ్మనడుగు” అనేసి తెల్లవారకముందే ఊరవతల ఉర్లాలో ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.

“ఈ ఎండలో మైదానమంతా తిరుగుతావా? వద్దు. వచ్చే ఏడు చూసుకో.”

“వచ్చే ఏడంటే అన్నీ మొదటినుంచీ! చంటిబిడ్డనెత్తుకుని ఎప్పుడు చదవను? రూల్ పక్కాగా ఉంది అత్తయ్యా.”

“రూల్ రాసినవాళ్ళు మోస్తారా బిడ్డని?”

ప్రమీలకు ఉక్రోషం ముంచుకొచ్చింది. “మీరు మాత్రం కడుపుతో ఉండి రైల్వే ఆసుపత్రిలో నర్సు డ్యూటీ చెయ్యలేదా? మీకో న్యాయం, నాకో న్యాయమా?”

దీనమ్మ స్టవ్ ఆర్పేసింది.

“చేశాను. అందుకే వద్దంటున్నా. దేవదాసు కంటే ముందు ఒక పాప. ఏడో నెలలోనే వార్డులో నొప్పులొచ్చేశాయి. దక్కలేదు.”

ప్రమీల తాళ్ళు వదిలేసింది. మెల్లగా అడిగింది. “సెలవు అడగలేదా అత్తయ్యా?”

“అడిగాను, ఇవ్వలేదు. కూర్చోమని ఒక్కరూ అనలేదు. నా పక్కన ఎవరూ లేరే.”

తన నోటివెంట వచ్చిన ఆ మాట దీనమ్మకే కొత్తగా వినిపించింది. ఇన్నాళ్ళూ తను పని చేసినందుకే పాప పోయిందనుకుంది. ఆ రోజు ఒంటరిగా ఉన్న సంగతి ఎప్పుడూ తలుచుకోలేదు. నెమ్మదిగా వంగి, కోడలి కాళ్ళ దగ్గర కూర్చుని, బూట్ల తాళ్ళు ముడివేసింది.

“అయ్యో, మీరెందుకత్తయ్యా!”

“ఊరుకో. తోడు రానిస్తారా అక్కడ?”

“పనిలో సాయం చెయ్యకూడదంతే.”

మైదానంలో పరీక్షాధికారి దీనమ్మను అక్కడే ఉండమని ఆపేశాడు. “మాతాజీ, ఆప్ యహీ రుకియే.”

“నేను నర్సుని బాబూ. దాని పని ముట్టుకోను. నీళ్ళు తాగుతోందో లేదో చూసుకుంటానంతే,” అంది దీనమ్మ హిందీలో. ఆయన తన కుర్చీనే తెప్పించి నీడలో వేయించాడు.

ప్రమీల కోణాలు చూసుకుంటూ, దూరాలు కొలుచుకుంటూ మైదానం చుట్టి, కొలత మొదలుపెట్టిన రాయి దగ్గరికే వచ్చింది. కోడలు అలసినప్పుడల్లా అత్తగారు రమ్మని చెయ్యి ఊపేది. ప్రమీల మారుమాట లేకుండా వచ్చి కూర్చునేది, నీళ్ళు తాగి మళ్ళీ లేచేది. అధికారి లెక్కలన్నీ సరిచూసి, తల పంకించి, కాగితం మీద సంతకం చేశాడు.

“పాసయ్యానత్తయ్యా!”

దీనమ్మ కోడలి కడుపు మీద చెయ్యి వేసింది. లోపల బిడ్డ గట్టిగా కదిలింది. దీనమ్మ ఇన్నేళ్ళుగా దాచుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. ప్రమీల ఆమె తలను గుండెకు హత్తుకుంది.

“ఆ పాపకి ఏం పేరు పెట్టాలనుకున్నారత్తయ్యా?”

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కట్టుకున్నవాడు కూడా అడగలేదు.

“కరుణ,” అంది దీనమ్మ.