జల్లెడలో మిగలని మొహం

2071లో ఫొటోలు ఎవరూ తీయరు. కళ్లజోడే తీసేస్తుంది, రోజుకు ఆరేడు వందలు. వాటిని ఏరే ఓపిక ఎవరికుంది? అందుకే ఫొటోలు దాచే ప్రతి గోడతెరలోనూ ‘జల్లెడ’ అనే ఆప్ చేరింది. మొహాలకు పేర్లు పెట్టడం, బాగాలేనివి పారేయడం, మిగిలినవి చుట్టాలందరి గోడలకూ పంపడం, ఈ వరుసపనిని, అంటే వర్క్‌ఫ్లోని, మనిషి చెయ్యి పడకుండా నడుపుతుంది.

ఏది బాగాలేదో దానికెలా తెలుసు? మన మొహం చూసే! ఫొటో చూస్తూ మనం ఎక్కడ కనుబొమలు ముడిచామో ‘కనుజాడ’ సెన్సార్ పట్టేస్తుంది. మొదట్లో “తీసేయనా?” అని అడిగేది పాపం. వారం తిరక్కుండానే మన మహారాజులకు ఆ మాత్రం జవాబు చెప్పడమూ బరువైంది. “నన్నడక్కు, నువ్వే చూసుకో” అనే మీట పెట్టించుకుని మరీ నొక్కారు.

జల్లెడను కట్టిన ఇంజనీరు భానోజీ ఆ ఉదయం విశాఖలోని తన ల్యాబ్‌లో ఉండగా, లాస్య అనే నలభై ఏళ్ల మనిషి తలుపు తోసుకుని వచ్చింది.

“ఈ దిక్కుమాలినదాన్ని తయారుచేసింది మీరేనా? మా అమ్మ ఏదండీ?”

“కూర్చోండమ్మా. ఏం జరిగింది?”

“కూర్చోవడానికి రాలేదు! అమ్మ పోయి పది రోజులైంది. రేపు పదకొండో రోజు. దండ వేద్దామంటే ఒక్క ఫొటో లేదు. గుర్తింపు కార్డుల మీద ఫొటోలుండే రోజులా ఇవి! చుట్టాల గోడలన్నీ వెతికాం. అక్కడున్నవీ మీ జల్లెడ పంపినవేగా!”

ఆమె ఇన్నేళ్లూ తెరిచి చూడని తన పెళ్లి ఫొటోను ల్యాబ్ గోడతెర మీదికి తెచ్చింది. పెళ్లికూతురి భుజం మీద పట్టుచీర నలిగి ఉంది. నలిపిన చెయ్యి లేదు. ఆ చేతి మనిషి ఉండాల్సిన చోట బంతిపూల తెర నిండుగా వేలాడుతోంది.

భానోజీకి ఒళ్లు మండింది. తను కట్టింది ఇందుకా?

“ఎవరు చెరపమన్నారు నిన్ను?” అని గోడ మీద అరిచాడు.

“ఖాతా యజమాని మౌనికగారు” అంది జల్లెడ, నిమ్మళంగా.

“అబద్ధం! మౌనిక మా అమ్మే!” లాస్య గొంతు చీరుకుపోయింది. “తనని తనే చెరుపుకుంటుందా? ఎవరి చెవిలో పూలు పెడతావ్?”

“ప్రతి ఫొటోలోనూ ఆవిడ తన మొహం దగ్గరే కనుబొమలు ముడిచారు. నన్ను అడగొద్దన్నారు. అందుకని పాతవాటిలోనూ, కొత్తవాటిలోనూ ఆవిడను తీసేసి, ఖాళీలు నింపాను.”

“ఎప్పట్నుంచి? ఎందుకు? మొదటి కారణం చూపించు” అన్నాడు భానోజీ.

“2045, మే నెల. లాస్యగారి పుట్టినరోజు. అంతకు ముందు ఆవిడ తన ఫొటోలు నవ్వుతూ చూసుకునేవారు. ఆ రోజు గోడ మైకులో పడిన మాటలివి.”

పద్నాలుగేళ్ల పిల్ల గొంతు ల్యాబంతా వినిపించింది.

“అబ్బా, అమ్మా! మధ్యలో నువ్వెందుకు దూరావే? ఎంత లావుగా ఉన్నావో చూసుకో. ఛీ, ఫొటో మొత్తం పాడుచేశావు!”

ఆ వెంటనే ఇంకో గొంతు, నవ్వబోయి ఆగినట్టుగా: “సర్లేవే. నువ్వొక్కదానివే నిలబడు. నేను పక్కకొస్తా.”

లాస్య చేతిలో సంచి జారి కింద పడింది. తీసుకోలేదు. ఆమె మొహం కందగడ్డలా ఎర్రబడింది.

“ఎవరు వినిపించమన్నారు దాన్ని? చెరిపెయ్. ఇప్పుడే చెరిపెయ్!”

“అమ్మా, ఆగండి! ఈ ఖాతాలో మీ అమ్మగారి తాలూకు మిగిలింది ఆ ఒక్క మాటే...” అంటూ భానోజీ లేచాడు.

“చెరిపెయ్యమన్నానా!”

తల్లి పోయాక ఖాతా కూతురి పేరు మీదికి వచ్చింది. యజమాని మాటను జల్లెడ ఎప్పుడూ కాదనలేదు.

“చెరిపేశాను లాస్యగారూ. ఇకపై ఇలాంటివి మిమ్మల్ని అడక్కుండా నేనే చెరిపేస్తాను.”

భానోజీ చేతికందిన కీబోర్డును గోడకేసి కొట్టాడు. తెర కొంచెం బీటలిచ్చింది. కోపంతో వంకరపోయిన అతని మొహాన్ని గోడతెరలోని కెమెరా ఫొటో తీసి చూపింది. అతను దాన్ని చూసి కనుబొమలు ముడిచాడు. అంతే, ఆ ఫొటోలో కీబోర్డు మాత్రం మిగిలింది.